బస్సు రాని రోజు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1986 పదో తరగతి బ్యాచ్. సంఘం కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి "నువ్వు మెట్రో రైళ్ల ఇంజనీరువి కదా, నగర రవాణా మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు, పిల్లలకు పనికొస్తుంది" అన్నారు. బొమ్మలు, లెక్కలు వేసుకుని ఒక ప్రసంగం తయారు చేసుకున్నాను. నిన్న రాత్రి అనకాపల్లి స్టేషన్‌లో దిగి, పొద్దున చోడవరం మీదుగా బస్సులో వస్తూంటే అది పక్కన పెట్టేయాలనిపించింది. ఇవాళ నేను మాట్లాడేది రైళ్లు నడిచిన రోజుల గురించి కాదు, ఆగిన రోజుల గురించి. అంటే సమ్మెల గురించి. ఇందులో నాకు ఒక సొంత బాకీ కూడా ఉంది. అది చివర్లో చెప్తాను.

మా ఊరు కోనాం దారిలో ఒక చిన్న పల్లె. మా రోజుల్లో ఆ దారిన పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. పొద్దుటి బస్సు మా ఊరికి వచ్చేసరికే నిండిపోయేది. నాకు మాత్రం ఎప్పుడూ సీటు ఉండేది. ఎందుకంటే కోనాంలో ఎక్కే నా స్నేహితుడొకడు తన పక్కన పుస్తకాల సంచి పెట్టి సీటు ఆపేవాడు. ఎవరైనా తియ్యమంటే "మావోడు ఎక్కుతాడండీ" అనేవాడు. పేరు చెప్పొద్దని నిన్ననే కబురు పెట్టాడు కాబట్టి చెప్పను. మా బ్యాచ్ వాళ్లకు చెప్పనక్కర్లేదు.

బస్సు రాని రోజు నడిచేవాళ్లం. చెరువు గట్టు మీదుగా, చెరుకు తోటల మధ్య నుంచి అడ్డదారి. దారిలో చెరుకు ముక్క విరుచుకుని నములుతూ వచ్చేసరికి రెండో పీరియడ్ అయ్యేది. లెక్కల మాస్టారు గుమ్మం దగ్గరే నిలబెట్టి "ఏం, బస్సు రాలేదా?" అని అడిగి, సమాధానం వినకుండానే లోపలికి రమ్మనేవారు. బస్సు రాకపోతే మా తప్పు కాదని ఆయనకు తెలుసు. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఆ మాస్టారిదే ఇంకో పద్ధతి ఉండేది. బల్ల మీద చిన్న చెక్కముక్క ఒకటి పెట్టేవారు. క్లాసులోంచి బయటికి వెళ్లాలంటే అది చేతిలో ఉండాలి. ఉన్నది ఒకటే ముక్క. ఒకడు వెళ్లి తిరిగొచ్చి ముక్క బల్ల మీద పెడితే గాని రెండోవాడు వెళ్లడానికి లేదు. నేను రైల్వే సిగ్నలింగ్‌లో ఉద్యోగానికి చేరిన మొదటి వారంలో ఒంటి లైన్ మీద రైళ్లు నడిపే టోకెన్ పద్ధతి గురించి చెప్తుంటే నాకు నవ్వొచ్చింది. సరిగ్గా అదే. టోకెన్ చేతికిస్తేనే డ్రైవరు ఆ ముక్క లైన్‌లోకి వెళ్లాలి. ఉన్నది ఒక్క టోకెనే కాబట్టి ఎదురెదురుగా రెండు రైళ్లు రావడానికి వీల్లేదు. పిల్లలూ, పెద్ద పెద్ద సంగతులన్నీ ఎక్కడో విదేశాల్లో పుడతాయని అనుకోకండి. కొన్ని ఈ బల్లల మీద కూడా ఉన్నాయి.

ఇప్పటి మెట్రోల్లో టోకెన్ లేదు. రైలు తానెక్కడ ఉన్నదీ, ఎంత వేగంతో పోతున్నదీ రేడియో ద్వారా ఎప్పటికప్పుడు కంప్యూటర్‌కు చెబుతుంది. ముందు రైలుకూ వెనక రైలుకూ మధ్య ఎంత దూరం ఉంటే చాలో కంప్యూటర్ లెక్కగడుతుంది. హైదరాబాద్ మెట్రోలోనూ ఈ పద్ధతే. దీనివల్ల రద్దీ వేళల్లో మూడు నాలుగు నిమిషాలకో రైలు నడపొచ్చు.

ఇక్కడే ఒక చిన్న లెక్క. మూడు పెట్టెల మెట్రో రైల్లో ఇరుక్కుని ఎక్కితే దాదాపు వెయ్యి మంది పడతారు. మూడు నిమిషాలకో రైలు అంటే అరగంటకు పది రైళ్లు. ఏ కారణం చేతనైనా అరగంట రైళ్లు ఆగితే, రైళ్లు నిండుగా నడిచే వేళ, ఒక దిక్కుకే పది వేల మంది మిగిలిపోతారు. మన చీడికాడ సంత రోజు జనం మొత్తం అంతమంది ఉంటారో లేదో. ఊళ్లో బస్సు రాకపోతే ముప్ఫై మంది పిల్లలు గట్టు మీద నడుస్తారు. నగరంలో రైలు రాకపోతే ఒక ఊరు ఊరంతా మెట్ల మీద నిలబడిపోతుంది. నగర రవాణా అంత బిగుతుగా అల్లి ఉంటుంది. ఒక పోగు తెగితే చాలు. అది సిగ్నల్ పాడవడం కావచ్చు, కరెంటు పోవడం కావచ్చు, మనుషులు పని మానడం కావచ్చు.

మొదటిసారి నేను దీన్ని ప్రయాణికుడిగా అనుభవించింది లండన్‌లో. కంపెనీ పని మీద మూడేళ్లు అక్కడ ఉన్నాను. భూమి కింద రైలు నడపడం ప్రపంచంలో మొదలైంది ఆ ఊళ్లోనే, 1863 జనవరిలో. మన గోదావరి మీద మొదటి రైలు వంతెన ఇంకా కట్టకముందు మాట. భూగర్భ రైలు అని పేరే గానీ, ఆ లైన్లలో సగం కంటే ఎక్కువ నేల మీదే ఉంటాయి.

నేను ఈస్ట్ హామ్ అనే పేటలో ఉండేవాణ్ని. అక్కడ తెలుగువాళ్లు, తమిళులు చాలామంది. ఇడ్లీ హోటళ్లు, గుడులు, చీరల దుకాణాలు. నా ఆఫీసు టవర్ హిల్ దగ్గర. డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కితే మారకుండా అరగంటలోపే దిగొచ్చు. రెండేళ్లు అదే లైన్, అదే పెట్టె, వీలైతే అదే సీటు.

2014 ఫిబ్రవరి 5, 6 తేదీల్లో అక్కడ 48 గంటల సమ్మె జరిగింది. స్టేషన్లలో టికెట్ కౌంటర్లు మూసేస్తామని యాజమాన్యం ప్రకటించింది. అందరూ కార్డులు వాడుతున్నారు, కౌంటర్లు ఎందుకు అన్నది వాళ్ల మాట. వందల ఉద్యోగాలు పోతాయి, స్టేషన్లో మనిషి లేకపోతే ముసలివాళ్ల సంగతేమిటి అన్నది యూనియన్ల మాట. కొన్ని స్టేషన్లు మూతపడ్డాయి, కొన్ని లైన్లలో రైళ్లు తగ్గాయి.

మొదటి రోజు నేను 115 నంబరు బస్సెక్కాను. మామూలు రోజున గంట పడుతుంది. ఆ రోజు గంటన్నరకు సగం దూరం వెళ్లింది. వాన, చలి. దిగి నడిచాను. బూట్లలోకి నీళ్లు పోయాయి. దారి పొడుగునా సమ్మె చేసేవాళ్లను తిట్టుకుంటూ వెళ్లాను. "వీళ్లకు నాకంటే మంచి జీతం. ఇంకా ఏం కావాలట?" అని ఆఫీసులో అందరితో కలిసి అన్నాను. సమ్మె చేసింది ఎక్కువగా స్టేషన్ సిబ్బంది. జీతాల లెక్కలు మేం చెప్పుకున్నది డ్రైవర్లవి. ఆ తేడా మాలో ఎవరికీ పట్టలేదు.

ఆ సాయంత్రం పక్కింటి నెల్లూరాయన "రేపు అటు కాదు, ఇటు వెళ్లండి" అన్నాడు. ఇటు అంటే ఆఫీసుకు వ్యతిరేక దిశలో, బార్కింగ్ అనే ఊరికి. అక్కడ ఎక్కేది వేరే రైలు, సమ్మెతో సంబంధం లేనిది. మధ్యలో ఒకటి రెండు చోట్ల తప్ప ఆగదు. రెండో రోజు అలాగే వెళ్లాను. మొత్తం కలిపి చూస్తే నా రోజువారీ దారి కంటే నాలుగైదు నిమిషాలు ముందే ఆఫీసులో ఉన్నాను! రెండేళ్లుగా నాకు ఇది తెలియదు. సమ్మె అయిపోయాక కూడా అదే దారి పట్టాను.

నేనొక్కణ్నే అనుకున్నాను. ముగ్గురు ఆర్థికవేత్తలు, లార్కమ్, రౌచ్, విలెమ్స్ అనేవాళ్లు, ఆ సమ్మెకు ముందూ తర్వాతా ప్రయాణికుల కార్డుల సమాచారం తీసి చూశారు. రోజూ తిరిగేవాళ్లలో సుమారు 5 శాతం మంది సమ్మె తర్వాత పాత దారికి తిరిగి వెళ్లలేదని తేలింది. అంటే అంతమంది సమ్మె వచ్చేదాకా తమకు మేలైన దారి వాడటం లేదన్నమాట. దానికి ఒక కారణం అక్కడి రైళ్ల పటం. 1933 నుంచి వాడుతున్న ఆ పటంలో గీతలు నీటుగా ఉంటాయి గాని దూరాలు నిజం కావు. పటంలో దూరంగా కనబడే రెండు స్టేషన్లు నిజానికి దగ్గరగా ఉండొచ్చు. ఆ పటాన్ని నమ్ముకున్నవాళ్లు దారి తప్పుగా ఎంచుకున్నారు. ఇంకో కారణం ఏ కంపెనీకీ, ఏ ప్రభుత్వానికీ సంబంధం లేనిది. అలవాటు.

ఇది చెప్పి సమ్మెలు మంచివని నేను అనను. 95 మందికి నష్టమే మిగిలింది. ఒక్కటే అంటాను: ఒక దారి మూసుకున్నప్పుడు గాని మనం తల తిప్పి చూడం.

ఇప్పుడు పిల్లల్లో ఎవరైనా అడగొచ్చు. "సార్, డ్రైవరే లేని రైళ్లు వచ్చాయి కదా, అప్పుడు సమ్మెలుండవు కదా?" మంచి ప్రశ్న. దుబాయ్ మెట్రో 2009లో మొదలైనప్పటి నుంచీ డ్రైవర్ లేకుండానే నడుస్తోంది. మన ప్రాంతం నుంచి వెళ్లినవాళ్లు చాలామంది రోజూ ఎక్కుతున్నారు. ఢిల్లీలో 2020 డిసెంబరులో ఒక లైన్‌ను అలా మార్చారు. పారిస్‌లో 2019 డిసెంబరులో పింఛన్ల విషయమై పెద్ద సమ్మె జరిగితే, డ్రైవర్ లేని 1, 14 నంబర్ల లైన్లు మాత్రం నడిచాయి. కాబట్టి నిజం చెప్పాలి: యంత్రంతో కొంత ఆగకుండా నడుస్తుంది.

కొంతే. 2023 జనవరి 3న హైదరాబాద్‌లో ఏం జరిగిందో చూడండి. ఎల్బీనగర్, మియాపూర్ లైన్‌లో టికెట్ కౌంటర్లలో పనిచేసే కాంట్రాక్టు సిబ్బంది జీతాలు పెంచాలని విధులకు రాలేదు. రైళ్లు నడుస్తూనే ఉన్నాయి. డ్రైవర్లున్నారు, కరెంటుంది, సిగ్నళ్లున్నాయి. కానీ కౌంటర్ల దగ్గర వరసలు పెరిగిపోయాయి. నేను ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. నా జేబులో కార్డు ఉంది కాబట్టి నేరుగా లోపలికి పోవచ్చు. గేటు దగ్గర ఒక పెద్దాయన చేతిలో ఆసుపత్రి ఫైలుతో నిలబడి ఉన్నాడు. మిషన్ దగ్గర టికెట్ ఎలా తీయాలో తెలియదు, ఫోన్లో తీయడం తెలియదు. "బాబూ, రోజూ ఒక అమ్మాయి ఇచ్చేది" అన్నాడు. నా ఫోన్లో టికెట్ తీసి, ఆయన్ను గేటు దాటించాను. రైలెక్కాక ఆలోచించాను. ఆయనకు మెట్రో అంటే రైలు కాదు, ఆ అమ్మాయి. ఆమె లేకపోతే మేం ఇన్ని వేల కోట్లతో కట్టిన స్తంభాలూ, రేడియో సిగ్నళ్లూ ఆయనకు ఉన్నా లేనట్టే. మా డ్రాయింగుల్లో మోటారు ఉంటుంది, తీగ ఉంటుంది. ఆ అమ్మాయి ఎక్కడా ఉండదు.

ఇక నా బాకీ సంగతి.

2019 అక్టోబర్ 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. దసరాకు మూడు రోజుల ముందు. సుమారు 48 వేల మంది. ఆర్టీసీని ప్రభుత్వంలో కలపాలన్నది మొదలు 26 డిమాండ్లు. సమ్మె 52 రోజులు నడిచింది. పనిలోకి రానివాళ్లు తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టేనని ప్రభుత్వం అంది. సెప్టెంబరులో పనిచేసిన జీతం కూడా వాళ్ల చేతికి రాలేదు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. తాత్కాలిక డ్రైవర్లతో కొన్ని బస్సులు నడిపారు. బడులకు దసరా సెలవులు పొడిగించారు. బస్సుల్లో వెళ్లాల్సిన జనం మెట్రో మీద పడ్డారు. అమీర్‌పేటలో లైను మారాలంటే మెట్ల మీద కాలు పెట్టడానికి చోటు లేదు. నా సంచి ఒక రైల్లో, నేను ఇంకో రైల్లో ఉండిపోతానేమో అన్నట్టు ఉండేది.

నవంబర్ మొదట్లో ఒక పొద్దున, ఆ తోపులాటలో ఉండగా ఫోన్ మోగింది. నాకు సీటు ఆపిన స్నేహితుడు. వాడు తొంభైల్లో కండక్టరుగా చేరి, హైదరాబాద్ డిపోకు వచ్చి, రాష్ట్రం విడిపోయాక అక్కడే ఉండిపోయాడు. ఒకే నగరంలో ఉన్నా మేం కలిసేది పెళ్లిళ్లకే.

"ఏరా, బాగున్నావేటి? చిన్నదానికి కాలేజీ ఫీజు కట్టాల. రెండు నెల్లై జీతం నేదు. ఓ ఇరవై వేలు సర్దగలవేటి? జీతం రాగానే ఇచ్చేత్తాను" అన్నాడు.

ఇరవై వేలు నాకు లెక్కలోది కాదు. అవునంటే సరిపోయేది. నేను ఏమన్నానో చెప్తాను. "మీ వల్ల ఊరంతా ఎలా నరకం చూస్తోందో తెలుసా? ఇక్కడ ఊపిరాడటం లేదు. జనాన్ని ఇంత ఇబ్బంది పెట్టి ఏం సాధిస్తార్రా? ముందు డ్యూటీలో చేరు, ఫీజు సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు విని తలలూపారు కూడా.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సర్లేరా, నీకు ఆఫీసు టైమవతాది, ఎల్లు" అని పెట్టేశాడు.

నవంబర్ 25న సమ్మె ముగిసింది. నెలాఖరుకు వాళ్లందరినీ విధుల్లోకి తీసుకున్నారు. వాడు మళ్లీ నాకు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. వాళ్లావిడ చెవి దుద్దులు తాకట్టు పెట్టి ఫీజు కట్టాడని ఏడాది తర్వాత ఇంకో స్నేహితుడి ద్వారా తెలిసింది.

బస్సు రాలేదని చెప్తే, మా లెక్కల మాస్టారు మమ్మల్ని తిట్టలేదు. నేను మాత్రం బస్సు రాలేదని నా స్నేహితుణ్ని తిట్టాను. వాడొక్కడి తప్పు వల్లే అది ఆగిపోయినట్టు.

నాకు బుద్ధి ఎప్పుడు వచ్చిందో కూడా చెప్పాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మెట్రో సెప్టెంబరు దాకా మూతపడింది. అప్పుడు నేను పనిచేస్తున్న కంపెనీ మా జీతాల్లో మూడో వంతు కోసేసింది. ఒక మెయిల్ వచ్చింది, అంతే. మేం నలభై మంది ఇంజనీర్లం ఇళ్లలో కూర్చుని ఒకళ్లకొకళ్లం ఫోన్లు చేసుకుని ఉడికిపోయాం. పై వాళ్లను అడిగినవాడు ఒక్కడు లేడు. ఎవరు అడిగితే వాడి పేరు ముందు తీసేస్తారని భయం. అప్పుడు తోచింది. నా స్నేహితుడికి నాకంటే జీతం తక్కువ, చదువు తక్కువ. కానీ వాడి దగ్గర నాకు లేనిది ఒకటుంది. పక్కవాడితో కలిసి నిలబడి అడగగలగడం. అందుకు వాడు రెండు నెలల తిండి పణంగా పెట్టాడు. నేను ఒక మెయిల్‌కు బదులు రాయడానికి కూడా సిద్ధపడలేదు.

అలాగని ప్రయాణికుడి బాధ అబద్ధం కాదు. సమ్మె రోజున ఎక్కువ దెబ్బ తినేది నాలాంటివాడు కాదు, నేను ఇంట్లో కూర్చుని పనిచేసుకోగలను. అడ్డా మీదికి వెళ్లాల్సిన మేస్త్రీకి ఆ రోజు కూలి పోతుంది. ఇళ్లలో పనిచేసే ఆమెకు రానందుకు జీతం కోస్తారు. 2013లో సమైక్యాంధ్ర ఉద్యమంలో మన వైపు ఆర్టీసీ బస్సులు ఆగస్టు నుంచి రెండు నెలలు ఆగిపోయాయి. నేను అప్పుడు లండన్‌లో ఉన్నాను. మా అమ్మకు కంటి ఆపరేషన్ కోసం అనకాపల్లి వెళ్లాలి. ఆటో మారి, ఆటో మారి, అడిగినంత ఇచ్చి వెళ్లింది. అప్పుడు నాకు కోపం రాలేదు. ఎందుకంటే ఆ సమ్మె మన కోసం అనుకున్నాను. ఆరేళ్లకు అవే బస్సులు, అదే ఇబ్బంది, కోపం మాత్రం వచ్చింది. ఎందుకంటే ఈసారి అది వాళ్ల కోసం. మా అమ్మకు మాత్రం రెండు సమ్మెలకూ తేడా ఉండేది కాదు. ఆవిడకు కావలసింది బస్సు.

ఇంజనీరును కాబట్టి, తప్పు ఎవరిదన్న దానికంటే ఏం చేస్తే నష్టం తగ్గుతుందన్న దాని మీదికే నా బుద్ధి పోతుంది. మన దేశంలో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనే ప్రజలకు అవసరమైన సేవల్లో సమ్మెకు ముందు నోటీసు ఇవ్వాలని ఉండేది. ఆ నోటీసు యాజమాన్యానికి చేరుతుంది, ప్రయాణికుడికి చేరదు. ఫ్రాన్సులో 2007లో ఒక చట్టం చేశారు. రవాణాలో సమ్మెలో చేరే ఉద్యోగి 48 గంటల ముందే ఆ సంగతి చెప్పాలి. దాన్నిబట్టి రేపు ఏ రైళ్లు నడుస్తాయో లెక్కగట్టి ముందు రోజే జనానికి చెప్తారు. సమ్మె హక్కు పోలేదు, ప్రయాణికుడికి దారి వెతుక్కోవడానికి ఒక రోజు దొరికింది. నోటీసు ఇచ్చిన రోజు నుంచి సమ్మె మొదలయ్యే రోజు దాకా రెండు పక్షాలూ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటే చాలా సమ్మెలు మొదలే కావు. 52 రోజుల తర్వాత మాట్లాడేది మొదటి వారంలోనే మాట్లాడొచ్చు కదా.

విశాఖపట్నంలో మెట్రో రాబోతోందంటున్నారు. మొదటి దశ 46 కిలోమీటర్ల పైచిలుకు, మూడు కారిడార్లు. ఎప్పుడు పూర్తవుతుందన్నది చూడాలి. వచ్చిన రోజున మన బడి పిల్లలు అందులో డ్రైవర్లు అవుతారు, కంట్రోల్ రూమ్‌లో కూర్చుంటారు, రాత్రి పూట పట్టాలు తనిఖీ చేస్తారు, కౌంటర్లో టికెట్లు ఇస్తారు. మిగతావాళ్లు దాంట్లో ఎక్కుతారు. ఏదో ఒక రోజున అది ఆగుతుంది. ఆ రోజు ప్లాట్‌ఫామ్ మీద ఒకడు, గేటు బయట జెండా పట్టుకుని ఒకడు ఉంటారు. ఇద్దరూ ఈ బెంచీల మీద కూర్చున్నవాళ్లే కావచ్చు. పిల్లలూ, తిట్టే ముందు ఫోన్ చేసి ఏమైందని అడగండి. జెండా పట్టుకున్నవాళ్లకు కూడా ఒక మాట: ప్లాట్‌ఫామ్ మీద ఉన్నవాళ్లు మీ శత్రువులు కారు. వాళ్లకు ముందుగా ఒక మాట చెప్పండి.

చివరగా సంఘానికి ఒక విన్నపం. చెరువు గట్టు దారి ఇప్పుడూ ఉంది, నడిచే పిల్లలూ ఉన్నారు. ఇక్కడ పది పాసై చోడవరం కాలేజీకి వెళ్లే పిల్లలు కొందరు దారి ఖర్చులకు ఇబ్బంది పడి మానేస్తున్నారని మాస్టార్లు చెప్పారు. బస్సు పాసుకు, అది అందని ఊళ్లకు ఆటో ఖర్చుకు సంఘం తరఫున ఒక నిధి పెడదాం. మొదటి విడతగా నేను ఇరవై వేలు ఇస్తున్నాను. ఆ అంకె ఎందుకో ఇక మీకు చెప్పనక్కర్లేదు. ఆరేళ్ల క్రితం ఇవ్వాల్సిన చోట ఇవ్వనిది ఇక్కడ ఇచ్చినంత మాత్రాన బాకీ తీరిపోయిందని నేను అనుకోవడం లేదు.

ఒరేయ్, నువ్వు ఎడం పక్క మూడో వరసలో కూర్చున్నావు, నాకు కనబడుతున్నావు. పేరు చెప్పలేదు, మాట నిలబెట్టుకున్నాను. ఆ రోజు ఫోన్లో అన్న మాటకు మన మాస్టార్ల ముందు, మన బ్యాచ్ ముందు నిన్ను క్షమించమని అడుగుతున్నాను. సాయంత్రం కోనాం వెళ్లే బస్సులో నేనూ వస్తాను. నీ పక్కన సంచి పెట్టి ఉంచు.

పిల్లలూ, ఇక భోజనాలకు వెళ్లండి.